మన మినుములు, బర్మా మినుములు

కృష్ణా డెల్టాలో సముద్రమునకు చేరువగా నున్న ఒక గ్రామమున కొంతకాలము క్రిందట గ్రామసభ జరిగినది. ప్రభుత్వ పథకములను గూర్చి వివరించుటకు నేను వెళ్లి యుంటిని. చెప్పవలసినది చెప్పి కూర్చుండగానే వార్డు సభ్యులొకరు లేచి, "అయ్యా, మన మినుములే కొనే నాథుడు లేక ఇంట్లో మూలుగుతుంటే, ఆ బర్మా నుంచి ఓడల మీద మినుములు తెప్పించటం ఎందుకండీ? ఇది ఎవరి బాగు కోసం?" అని యడిగిరి. సభలో సగము మంది చప్పట్లు చరచిరి. అంతలో వెనుక వరుసలో నున్న ఒక సభ్యురాలు, కూలి పనికి పోవు కుటుంబమునకు చెందినవారు, కూర్చున్న చోటు నుండియే, "పప్పు రెండొందలైన ఏడు మా ఇంట్లో పప్పు ముఖం చూడలేదు. అది కూడా చెప్పండి బాబూ" అనిరి. ఈమారు తక్కిన సగము మంది నవ్విరి.

నా వద్ద ఆనాడు సరియైన సమాధానము లేకపోయినది. "ఇది కేంద్ర ప్రభుత్వము వారి విషయము" అని చెప్పి తప్పించుకొని వచ్చితిని. ఆ మాట అబద్ధము కాదు గాని, అది సమాధానమును కాదు. విదేశముల నుండి ఏ సరుకు ఎంత రావలెనో నిర్ణయించు అధికారము పంచాయతీకి లేదు, రాష్ట్రమునకును లేదు. అయినను ఢిల్లీలో వెలువడిన ఒక పుట ఉత్తరువు మన ఊరి కాటా మీద తూగు బస్తా ధరను మార్చుచున్నప్పుడు, ఆ ఉత్తరువు యేమిటో, ఎందుకు వచ్చినదో గ్రామ పెద్దలకు తెలిసి యుండుట అవసరము. ఆ సభ్యులిరువురికి అప్పుడు చెప్పలేకపోయిన దానిని ఇచ్చట చెప్పుటకు ప్రయత్నించుచున్నాను.

బియ్యము వచ్చిన త్రోవ

బర్మాకును మనకును వ్యాపారము క్రొత్తది కాదు. 1937 వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక భాగముగనే యుండెను. అప్పుడు అక్కడి నుండి వచ్చెడిది మినుము కాదు, బియ్యము. ఇక్కడి నుండి పోయెడివారు మనుష్యులు. విశాఖపట్టణము, గోదావరి మండలముల నుండి వేలకొలది తెలుగువారు కాకినాడ, విశాఖ రేవులలో ఓడలెక్కి రంగూను పోయి, రేవులలోను మిల్లులలోను కూలి చేసి డబ్బు పంపెడివారు. ఉత్తర కోస్తా పల్లెలలో రంగూనును "రంగము" అనెడివారని పెద్దలు జ్ఞప్తికి తెచ్చుకొందురు. 1942లో జపాను సైన్యములు రంగూనును పట్టుకొనగానే బియ్యము రాక నిలిచిపోయినది. మరుసటి యేడు బెంగాలులో కలిగిన ఘోర క్షామమునకు గల కారణములలో అదియు నొకటి.

1948లో బర్మా స్వతంత్రమైనది. 1954లో భారతదేశము ఆ దేశము నుండి 9 లక్షల టన్నుల బియ్యము కొనుటకు ఒడంబడిక చేసికొన్నది. మనకు తిండిగింజల కొరత తీవ్రముగా నున్న రోజులవి. 1962లో సైనిక ప్రభుత్వము వచ్చిన పిమ్మట అక్కడి వ్యాపారము లన్నియు జాతీయము చేయబడినవి. దుకాణములు పోగొట్టుకొన్న భారతీయులు ఓడలలో తిరిగివచ్చిరి. విశాఖపట్టణములో నేటికిని బర్మా క్యాంపు అను పేట యున్నది. 1989లో ఆ దేశము తన పేరును మయన్మార్ అనియు, రంగూను పేరును యాంగోన్ అనియు మార్చుకొన్నది. మన మార్కెట్ యార్డులలో మాత్రము అది యింకను బర్మాయే. నేనును ఆ మాటనే వాడుచున్నాను.

తాము తినని పంట

బర్మా మినుము కథ 1988 తరువాత మొదలగుచున్నది. అప్పటి వరకు పంటల వ్యాపారమంతయు ప్రభుత్వము చేతిలో నుండెను. ఆ యేటి తరువాత పప్పుధాన్యములను ప్రైవేటు వర్తకులు ఎగుమతి చేయుటకు అనుమతి లభించినది. వరిని మాత్రము ప్రభుత్వము తక్కువ ధరకు రైతుల వద్ద నుండి సేకరించుట 2003 వరకు సాగినది. ఇక రైతు ఏమి చేయును? వరి కోసిన తరువాత అదే చేనిలో స్వేచ్ఛగా అమ్ముకొనదగిన పంటను వేసికొన్నాడు. 1990 తరువాతి సంవత్సరములలో మినుము, పెసర, కంది సాగు అక్కడ వేగముగా పెరిగినది.

విశేష మేమనగా, బర్మా ప్రజల వంటలలో మినుమునకు పెద్ద స్థానము లేదు. ఇడ్లీ, దోసె, గారె, సున్నుండ తినువారము మనము. వారు పండించిన మినుములలో అత్యధిక భాగము మన దేశమునకే వచ్చును. మొలకల కొరకు మరికొన్ని దేశములు కొలదిగా కొనును. కావున భారతదేశము కొననన్న నాడు ఆ రైతునకు "పోనీ, ఇంట్లో తిందము" అను దారి కూడ లేదు.

మన డెల్టా రైతునకు ఈ మాట మరింత దగ్గరగా తోచవలెను. కృష్ణా, గోదావరి, గుంటూరు మాగాణులలో నవంబరు, డిసెంబరు మాసములందు వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచిన వరిలోనే ఎకరమునకు సుమారు 16 కిలోల మినుములు చల్లుచున్నాము. దుక్కి లేదు, నీరు పెట్టుట లేదు. నేలలో మిగిలిన తడి, రాత్రి కురియు మంచు, ఇవే ఆధారము. పల్లాకు తెగులును, బంగారు తీగను తప్పించుకొన్నచో ఫిబ్రవరి, మార్చి నాటికి పంట ఇంటికి చేరును. అక్కడ ఇరావతీ నది డెల్టాలోను, పెగూ ప్రాంతములోను జరుగుచున్నది కూడ ఇంచుమించుగా ఇదియే. వానకాలపు వరి తరువాత మిగిలిన తడి మీద మినుము వేయుదురు, ఫిబ్రవరి, మార్చి మాసములలో నూర్చుదురు. బంగాళాఖాతమునకు అటు నొకరు, ఇటు నొకరు ఒకే కాలమున ఒకే పంటను కల్లమునకు చేర్చుచున్నారు. ఇద్దరును చిన్న రైతులే. ఇద్దరి సరుకును కడపట చేరునది మన మిల్లుల గుమ్మము వద్దకే.

ఇదంతయు చెప్పుటలో నా ఉద్దేశము ఒక్కటే. గ్రామసభలో ఆ సభ్యుడు బర్మా అనినప్పుడు ఆయన మనస్సులో నున్నది ఒక పెద్ద ఓడ, ఒక బలిసిన వర్తకుడు. ఆ ఓడ వెనుక నున్నది మాత్రము మన వంటి మాగాణి రైతు.

బస్తా వచ్చు తీరు

యాంగోను వర్తకుడు సరుకును రెండు తరగతులుగా అమ్మును. ఎస్.క్యూ. అనునది ఎంపిక చేసిన మేలు రకము. ఎఫ్.ఏ.క్యూ. అనునది సగటు నాణ్యత గలది. ధర డాలర్లలో టన్నుకు చెప్పబడును. అచ్చటి నుండి చెన్నైకి సముద్రపు దూరము ఎక్కువ కాదు గనుక సరుకు కొలది రోజులలోనే వచ్చును. ఎక్కువ భాగము చెన్నై రేవులో దిగి, తమిళనాడు మిల్లులకును, కొంత మన రాష్ట్రపు మిల్లులకును చేరి, గుండ్లుగాను చాయపప్పుగాను మారును. పొట్టు తీసిన పిమ్మట ఏ గుండు ఏ దేశపుదో ఇడ్లీ పిండి రుబ్బు ఇల్లాలు చెప్పలేదు. మన లాం పరిశోధనా కేంద్రపు ఎల్.బి.జి. రకముల నిగనిగ, గింజ పరిమాణము మిల్లువారికి తెలియును, అందులకు కొంత ఎక్కువ కూడ ఇత్తురు. కాని ఆ ఎక్కువకు ఒక హద్దు కలదు.

ఆ హద్దు ఎట్లు ఏర్పడునో చూడుడు. ఒకనాడు చెన్నై రేవులో దిగిన బర్మా మినుము అన్ని ఖర్చులతో కలిపి క్వింటాలు 7,000 రూపాయలు పడినదనుకొందము. ఇది లెక్క కొరకు చెప్పుచున్న అంకె మాత్రమే. తెనాలి మిల్లు యజమాని లారీ కిరాయి కలుపుకొని తన గుమ్మములో ఆ సరుకు ఎంతకు వచ్చునో చూచుకొనును. మన రైతు సరుకునకు ఆ ధర పైన నాణ్యత కొరకు కొంచెము కలిపి ఇచ్చును గాని, 8,000 చెప్పినచో ఫోనులో చెన్నైకి ఆర్డరు పెట్టును. అనగా దిగుమతి స్వేచ్ఛగా నున్న రోజులలో మన ఊరి ధరను నిర్ణయించునది మన ఊరి పంట మాత్రమే కాదు, రేవు ధర. కమిషను ఏజెంటునకు ఇది ఉదయమే తెలియును. రైతునకు సాయంకాలము కాటా వద్ద తెలియును.

ఈ రాకను అదుపు చేయుటకు ప్రభుత్వము చేతిలో రెండు సాధనములు కలవు. ఒకటి దిగుమతి సుంకము, అనగా సరిహద్దున వసూలు చేయు పన్ను. రెండవది పరిమాణపు కట్టడి, అనగా సంవత్సరమునకు ఇన్ని టన్నులకు మించి రారాదను ఆజ్ఞ. మొదటిది బర్మా విషయమున అంతగా పనిచేయదు. ఏలయనగా అల్పాభివృద్ధి దేశముల సరుకులకు భారతదేశము 2008లో ప్రకటించిన సుంకపు రాయితీలో బర్మాయు ఉన్నది. 2017 మార్చిలో కందుల మీద 10 శాతము సుంకము విధించినప్పుడు కూడ అట్టి దేశములకు అది వర్తింపలేదు. పేద దేశమునకు మనము చూపిన ఆదరమది, సబబైనదే. కాని అందువలన మిగిలినది రెండవ సాధనమే.

డెల్టా సభ్యులకు దీనిని తూముతో పోల్చి చెప్పిన సులువుగా బోధపడును. సుంకమనగా తూము తలుపును జానెడు దించుట: నీరు తగ్గును గాని పారుచుండును. పరిమాణపు కట్టడి అనగా ఇన్ని గంటలే వదలుదుమని చెప్పి తలుపు మూయుట. తూము మూయవలసినప్పుడు మూయుట తప్పు కాదు. ఎప్పుడు మూయుదురో, ఎప్పుడు తెరతురో చివరి భూముల రైతునకు తెలియకపోవుటయే కష్టము.

2015 నుండి 2017 వరకు

2014, 2015 సంవత్సరములలో వరుసగా వానలు తప్పినవి. 2015-16లో దేశమున పప్పుధాన్యముల పంట సుమారు 163 లక్షల టన్నులకు దిగజారినది. 2015 చివరి మాసములలో కందిపప్పు కిలో 200 రూపాయల వరకు పోయినది. మినపప్పును దాని వెంట పరుగెత్తినది. గ్రామసభలో ఆ సభ్యురాలు చెప్పిన యేడు ఇదియే. ఆ యేడు ప్రభుత్వము మీద ఉన్న ఒత్తిడి అంతయు కొనువారిది: ఎక్కడ దొరికిన అక్కడ నుండి తెప్పించి ధర దింపుడని. భారతదేశమునకు పప్పు కావలెనన్న సంగతి తెలియగానే యాంగోనులోను ధర పెరిగినది. ఒకే అంగడిలో ఒకే సరుకు కొనువాడు తొందరపడినచో జరుగునది అదియే కదా.

2016లో మూడు పనులు జరిగినవి. జులైలో ప్రధాన మంత్రి మొజాంబిక్ దేశమునకు పోయినప్పుడు కందుల కొనుగోలుకు ఐదేండ్ల ఒడంబడిక కుదిరినది. అది 2016-17లో లక్ష టన్నులతో మొదలై 2020-21 నాటికి 2 లక్షల టన్నులకు పెరుగవలెను. సెప్టెంబరులో, అప్పటి ప్రధాన ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రహ్మణ్యన్ పప్పుధాన్యములను గూర్చి నివేదిక సమర్పించిరి. మద్దతు ధరను పెంచవలెననియు, 20 లక్షల టన్నుల నిలువ ఉంచవలెననియు అందు సూచింపబడినది. మూడవ పని వానలు చేసినవి. చక్కగా కురిసినవి. ధర చూచి ఉత్సాహపడిన రైతులు దేశమంతట పప్పుధాన్యములు వేసిరి. 2016-17లో పంట 231 లక్షల టన్నులు. కంది ఒక్కటే 26 లక్షల టన్నుల నుండి దాదాపు 49 లక్షల టన్నులకు పెరిగినది. ముందటి కొరతను చూచి వర్తకులు పెట్టిన ఆర్డర్ల సరుకును అప్పుడే వచ్చి పడినది. ఆ యేడు దిగుమతి సుమారు 66 లక్షల టన్నులు.

చెరువు నిండియుండగా కాలువ కూడ తెగివచ్చినట్లయినది. తెలంగాణములో తాండూరు, మహబూబ్‌నగర్ వైపు కంది రైతులును, ఇటు మినుము రైతులును మద్దతు ధర కంటె తక్కువకు అమ్ముకొనవలసి వచ్చినది.

అప్పుడు తలుపు మూయబడినది. 2017 ఆగస్టు 5వ తేదిన కందులకు సంవత్సరమునకు 2 లక్షల టన్నులనియు, 21వ తేదిన మినుము, పెసర రెండింటికి కలిపి 3 లక్షల టన్నులనియు పరిమితి విధింపబడినది. ఆ ఉత్తరువులలో ఒక చిన్న వాక్యము కలదు. ప్రభుత్వములు చేసికొన్న ఒడంబడికల క్రింద రావలసిన సరుకునకు ఈ కట్టడి వర్తింపదని దాని భావము. ఆ వాక్యము వలన కాగితము చేతిలో నున్న మొజాంబిక్ బయటపడినది. ఏండ్ల తరబడి మనకే పండించుచున్నను కాగితము లేని బర్మా దెబ్బతిన్నది. గోదాములలో సరుకు మూలబడినది, ధర కూలినది. వర్తకుడు కొన్నాళ్లు ఆగగలడు. అప్పు చేసి విత్తనము వేసిన ఇరావతీ రైతు ఆగలేడు.

మన రైతునకు మేలు కలిగినదా? ఇదియే అసలు ప్రశ్న. వెంటనే కలుగలేదు. 2017-18లో మినుము మద్దతు ధర క్వింటాలు 5,400 రూపాయలు కాగా, అనేక మార్కెట్లలో అంతకంటె తక్కువకే అమ్ముడుపోయినది. కారణము స్పష్టము. ఆ యేడు దేశములోనే సుమారు 35 లక్షల టన్నుల మినుము పండినది. చెరువు నిండిన తరువాత తూము మూసిన ప్రయోజనము కొంచెమే. పైగా మన పప్పుధాన్యములను విదేశములకు అమ్ముకొనుట మీద 2006 నుండి నిషేధముండెను. పంట ఎక్కువైన ఆ సంవత్సరము కూడ అది నవంబరు వరకు పూర్తిగా తొలగలేదు. లోనికి వచ్చు తలుపు ఆగస్టులో మూసిరి, బయటికి పోవు తలుపు నవంబరులో పూర్తిగా తెరచిరి. నేను ప్రభుత్వోద్యోగిని, ప్రభుత్వమును నిందించుట నా పని కాదు. కాని ఈ రెండు తేదీలు తారుమారై యుండిన, లేదా రెండును ఆరు మాసములు ముందుగా వచ్చియుండిన రైతులకు మరింత మేలు జరిగియుండెడిదని నా అభిప్రాయము.

తరువాతి కథ మీరు ఊహింపగలరు. ధర లేని పంటను రైతు తగ్గించినాడు. 2019లో అధిక వర్షములకు మధ్యప్రదేశ్‌లో మినుము పాడైపోయినది. పరిమితిని 4 లక్షల టన్నులకు పెంచవలసి వచ్చినది. 2021 మే 15వ తేదిన కంది, మినుము, పెసర మూడింటికిని కట్టడి తొలగించి స్వేచ్ఛా దిగుమతిని అనుమతించిరి. నాలుగేండ్లలో తలుపు మూసికొని, కొంచెము తెరచుకొని, పూర్తిగా తెరచుకొన్నది.

2021 ఒడంబడిక

2017 అనుభవము తరువాత బర్మా కోరినది ఎక్కువ ధర కాదు, కాగితము. 2021 జూన్‌లో భారత ప్రభుత్వము ఆ దేశముతో ఒక అవగాహన పత్రము కుదుర్చుకొన్నది. 2021-22 నుండి 2025-26 వరకు ఐదేండ్ల పాటు ఏటేట రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు ప్రైవేటు వర్తకుల ద్వారా తెచ్చుకొనుటకు అనుమతించుట దాని సారాంశము. ఆఫ్రికాలోని మలావీ దేశముతోను ఏటేట 50 వేల టన్నుల కందుల కొరకు ఇట్టి ఏర్పాటే జరిగినది.

రెండు విషయములు ఇచ్చట గమనింపవలెను. మొదటిది, ఇది ప్రభుత్వము కొనుట కాదు. ధర ఇంత అని ఎక్కడను వ్రాయబడలేదు. వర్తకులు బేరమాడుకొనవలసినదే. రెండవది మన రైతునకు ముఖ్యము. రెండున్నర లక్షల టన్నులనగా కనీసము ఇంతకు తలుపు తెరచియుంచెదమని బర్మాకు ఇచ్చిన మాట. ఇంతకు మించి రానీయమని మన రైతునకు ఇచ్చిన మాట కాదు. స్వేచ్ఛా దిగుమతి అమలులో నున్నంత కాలము అంతకు మించియు రావచ్చును, వచ్చినది కూడ. మన మినుము పంట 2021-22లో సుమారు 28 లక్షల టన్నులుండగా 2023-24లో సుమారు 23 లక్షల టన్నులకు తగ్గినది. ఆ లోటు దిగుమతితో పూడినది. ఇటీవల బ్రెజిల్ దేశము కూడ మన కొరకు మినుము పండించి పంపుచున్నది. బర్మాకు పోటీ వచ్చుట కొనువారికి మంచిది. అమ్మువాడు ఒక్కడే యైనచో వాడు చెప్పినదే ధర కదా.

స్వేచ్ఛా దిగుమతి గడువులు తరచు మార్చి 31తో ముగియునట్లు పెట్టబడి, మరల పొడిగింపబడుచు వచ్చినవి. కార్యాలయములకు అది ఆర్థిక సంవత్సరాంతము. డెల్టాకు అది మినుము కల్లము నుండి ఇంటికి వచ్చు సమయము, ఇరావతీ డెల్టాకును అంతే. పొడిగింతురా లేదా అన్న సందేహము ఆ రోజులలో ఉన్న కొలది ధర ఊగిసలాడును. ఊగిసలాటలో లాభపడువాడు గోదాము గలవాడు.

డబ్బు చెల్లింపును గూర్చి ఒక మాట. 2021 ఫిబ్రవరి 1వ తేదిన బర్మాలో సైన్యము మరల అధికారము చేజిక్కించుకొన్నది. డాలర్లకు కొరత ఏర్పడి, ఎగుమతిదారులు తమకు వచ్చిన డాలర్లను ప్రభుత్వపు రేటుకు మార్చుకొనవలెనను నిర్బంధములు వచ్చినవి. బజారు రేటు వేరు, ప్రభుత్వపు రేటు వేరు అయినప్పుడు ఆ నష్టము చివరకు రైతునకు ఇచ్చు ధరలో కోతగా దిగును. 2024 జనవరిలో పంజాబ్ నేషనల్ బ్యాంకు ద్వారా డాలరు ప్రమేయము లేకుండ రూపాయలలోను, వారి క్యాట్ నాణెములోను చెల్లించుకొను ఏర్పాటు ఆరంభమైనది. ఇరువురు పేదవారు తమలో తాము అప్పు తీర్చుకొనుటకు షావుకారు నోటు అక్కరలేకుండుట మంచి విషయమే.

పంచాయతీ చేయదగినది

ఇక ఆ సభ్యులిరువురి ప్రశ్నలకు వత్తును. పూర్తిగా దిగుమతి ఆపినచో వానలు తప్పిన యేడు ఆ సభ్యురాలి ఇంట పప్పు ఉడకదు. పూర్తిగా తెరచియుంచి మద్దతు ధరకు కొనువారు లేనిచో ఈ సభ్యుని మినుము ఇంటనే మూలుగును. పంట పండిన యేడు ప్రభుత్వము కొని నిలువ చేయుట, తప్పిన యేడు ఆ నిలువను విడుదల చేయుట, ముందుగా చెప్పిన మేరకు మాత్రమే బయటి నుండి తెచ్చుకొనుట: ఈ మూడును కలిసిననే ఇరువురికి న్యాయము. మొదటి దానిలో మాత్రము పంచాయతీకి పని యున్నది.

2025 ఫిబ్రవరి కేంద్ర బడ్జెటులో ఒక హామీ ప్రకటింపబడినది. కంది, మినుము, మసూరు పప్పుధాన్యములను నాలుగేండ్ల పాటు నాఫెడ్, ఎన్.సి.సి.ఎఫ్. అను కేంద్ర సంస్థలు రైతులు ఎంత తెచ్చిన అంత కొనుటకు సిద్ధముగా నుండును. మినుమునకు 2025-26 మద్దతు ధర క్వింటాలు 7,800 రూపాయలు, కందికి 8,000. కాని ఆ హామీలో ఒక షరతు కలదు: ఆ సంస్థల వద్ద ముందుగా పేరు నమోదు చేసికొని ఒప్పందము చేసికొన్న రైతులకే అది వర్తించును. నమోదు లేనివాడు రేవు ధరకే అమ్ముకొనవలెను.

మన డెల్టాలో చిక్కు ఇచ్చటనే యున్నది. అనేక గ్రామములలో వరి కౌలు క్రింద పోగా, కౌలుదారునకు మిగులునది మినుము పంటయే. ఆతని సంవత్సరపు లాభమంతయు ఆ పది బస్తాలలో నుండును. రికార్డులలో మాత్రము భూమి యజమాని పేరున నుండును, ఆయన పట్టణములో నుండవచ్చును. పంట నమోదులో కౌలుదారు పేరు ఎక్కనిచో కొనుగోలు కేంద్రము వద్ద ఆతడు రైతు కాడు. చేసిన ఒడంబడికలు, పెట్టిన బడ్జెటులు ఆతని ముంగిట ఆగిపోవును. గ్రామములో ఎవరి చేను ఎవరు చేయుచున్నారో పంచాయతీ సభ్యులకు తెలిసినంతగా ఏ ఆఫీసుకును తెలియదు. కావున మినుము చల్లిన పదిహేను రోజులలో వార్డుల వారీగా కౌలుదారుల పట్టిక వ్రాసి, గ్రామ వ్యవసాయ సహాయకుని వద్ద ఇ-పంట నమోదులో ఆ పేర్లు ఉన్నవో లేదో సరిచూడవచ్చును. యజమానులు సంతకమునకు వెనుకాడుదురు. భూమి హక్కు పోవునేమోనన్న భయము వారిది. కౌలు గుర్తింపు కార్డు పంట వరకే గాని భూమి మీద హక్కు నీయదని వారికి నచ్చచెప్పుటకు అధికారి కంటె పొరుగువాడే తగినవాడు.

కొనుగోలు కేంద్రములలో త్రిప్పిపంపుటకు తరచుగా చెప్పు కారణము తేమ. 12 శాతమునకు మించరాదు. మార్చి మాసపు మంచులో నూర్చిన గింజ చూచుటకు ఎండినట్లే యుండును గాని లోన తేమ యుండును. రెండు మంచి ఎండలు ఎక్కువగా ఎండబెట్టుటకు ఊరిలో కల్లము చోటు చాలదు, రోడ్ల మీద పోయుదురు. పాఠశాల ఆవరణమో, పంచాయతీ స్థలమో ఆ పదిహేను రోజులు కౌలుదారులకు వదలుటకు తీర్మానము చాలును. ఆ గ్రామములో నేను మరల వెళ్లినప్పుడు ప్రశ్న అడిగిన సభ్యుడే ఈ తీర్మానము ప్రతిపాదించిరి. బలపరచినవారు వెనుక వరుస సభ్యురాలు.